వాట్ సాబ్ గాలి మెషిన్

2021 మే నెల. మా మామూజాన్‌కి ఆక్సిజన్ పడిపోతోంది. ఖలేరా భాయ్ ఫోన్ చేశాడు: "భాయ్‌జాన్, హైడ్రోజన్ మెషిన్ అని ఉందంట. ఫేఫ్‌డాలకు మంచిదంట. అప్పు చేసైనా కొందామా?" నా దగ్గర జవాబు లేదు. డాక్టర్లు ఆక్సిజన్, స్టెరాయిడ్ ఇచ్చారు. మామూ బతికారు. ఆ సవాల్ మాత్రం నాతో ఉండిపోయింది. తారీఖ్ తిరగేశాను.

ఈ ఉమ్మీద్ కొత్తది కాదు. 1766లో హెన్రీ కావెండిష్ హైడ్రోజన్‌ను వేరే హవాగా గుర్తించాడు. 1794లో, ఆవిరి ఇంజన్‌తో పేరు తెచ్చుకున్న జేమ్స్ వాట్ బేటీ జెస్సీ క్షయతో చనిపోయింది. ఆ గమ్‌లోనే వాట్, డాక్టర్ థామస్ బెడ్డోస్‌తో కలిసి, రోగులకు రకరకాల గ్యాసులు పీల్పించే మెషిన్ తయారు చేశాడు. 1799లో బెడ్డోస్ బ్రిస్టల్‌లో గాలి ఇలాజ్‌కని ఓ దవాఖానా తెరిచాడు. అక్కడ పనిచేసిన హంఫ్రీ డేవీ, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన గ్యాస్ పీల్చి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. క్షయ తగ్గలేదు. కొన్నేళ్లకే అది మామూలు దవాఖానా అయిపోయింది.

రెండొందల ఏళ్ల తర్వాత, 2007లో, జపాన్ సైంటిస్టులు ఈ బాత్‌ను మళ్లీ లేపారు. ఒంట్లో కణాలను కాల్చేసే హైడ్రాక్సిల్ రాడికల్‌ను హైడ్రోజన్ చల్లారుస్తుందని ఎలుకల్లో చూపించారు. 2010లో మరో తజుర్బా: వెంటిలేటర్ దెబ్బ తిన్న ఎలుకల ఫేఫ్‌డాలలో 2 శాతం హైడ్రోజన్ వాపు తగ్గించింది. 2020లో చైనా తన కోవిడ్ ఇలాజ్ సూచనల్లో హైడ్రోజన్, ఆక్సిజన్ మిశ్రమాన్ని కూడా చేర్చింది.

కానీ అదే ఏడు బ్రిటన్‌లో డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్‌ను వేలమంది రోగుల మీద పరీక్షించారు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. హైడ్రోజన్ ఇంకా అంత పెద్ద పరీక్షలో నెగ్గలేదు. పైగా గాలిలో 4 శాతం దాటితే నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఇంట్లో పెట్టుకునే ఖిలోనా కాదది.

హైడ్రోజన్ ఝూట్ అని నేననను. రేపు అది దవా కావచ్చు. కానీ ఉమ్మీద్ వేరు, సుబూత్ వేరు. బేటీని పోగొట్టుకున్న వాట్ లాంటి అక్లమంద్‌కే ఈ రెండిటి మధ్య దారి దొరకలేదు. ఐసీయూ బయట వణుకుతూ నిలబడ్డ మనకెలా దొరుకుతుంది? అందుకే భాయ్‌కి ఇప్పుడు జవాబిస్తున్నాను: అప్పు చేసే ముందు డాక్టర్‌ను ఒక్కటే అడుగు, "ఇది మనుషుల మీద పరీక్షించారా? ఎంతమంది బతికారు?"