బెంగళూరు పేటలు చూడబోవువారికి

సోమందేపల్లె మీదుగా పోవు రాజమార్గమున దక్షిణముగా రమారమి 120 కిలోమీటర్లు సాగినచో బెంగళూరు చేరుదుము. మన దిక్కున వానలు తప్పిన యేడెల్ల ఆ దారిని పోవు బండ్లు కిక్కిఱిసి యుండును. కూలికి పోవువారు కొందఱు, చదువులకు పోవు బిడ్డలు కొందఱు, వైద్యమునకు పోవువారు మఱికొందఱు. ఇందఱు పోయి వచ్చుచున్నను, ఆ పట్టణమును చూచితిమని చెప్పగలవారు అరుదు. బండి దిగిన చోటును, పనిచేసిన చోటును మాత్రమే యెఱిగి మఱలుదురు. ఒకటి రెండు దినములు తీరిక చిక్కినవారు అచట ఏ పేటలు చూడదగినవో, అవి యెట్లేర్పడినవో నేడు మనవి చేసెదను. పేటల గొప్పతనమును మేడల యెత్తును బట్టి గాక నీటిని బట్టి చూడవలెనని నా యభిప్రాయము. ఏలయన, ఆ పట్టణమును మన సీమవంటి మెట్టభూమిలోనే పుట్టినది.

బెంగళూరు చెంత పెద్ద నది యేదియు లేదు. అది సముద్రమట్టమునకు సుమారు 3000 అడుగుల యెత్తుననున్న మిట్ట. కురిసిన నీరు పల్లములకు జాఱిపోవును. అట్టిచోట 1537లో యలహంక ప్రభువగు కెంపేగౌడ మట్టికోట కట్టి పేట నిలిపెను. ఆయన విజయనగర చక్రవర్తి యగు అచ్యుతదేవరాయల సామంతుడు. నడుమనొక చోట నాలుగు నాగళ్లకు తెల్లని యెద్దులను కట్టించి, నాలుగు దిక్కులకు దున్నించి, ఆ చాళ్లనే వీధులుగా నేర్పఱచెనని అచటివారు చెప్పుకొందురు. ఈ కథ యెట్లున్నను, ఆయన పేటతోపాటు చెఱువులను త్రవ్వించుట మాత్రము మనము గమనింపవలసిన విషయము. ఒకదానికి ధర్మాంబుధి యనియు, మఱియొకదానికి కెంపాంబుధి యనియు పేర్లు. అంబుధి యనగా సముద్రము. సముద్రమును కన్నులజూడని మెట్టవారు తమ చెఱువునే సముద్రమని పిలుచుకొనిరి. అనంతపురము ప్రక్కనున్న బుక్కరాయసముద్రము పేరును ఇట్టిదే గదా!

ఇంకొక సంబంధము కూడ కలదు. 1565లో తళ్లికోట యుద్ధానంతరము విజయనగరము పాడుపడగా, తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. నాడు బెంగళూరు ప్రభువులు తలయెత్తి చూచినది మన పెనుకొండ వైపే. నేడు పెనుకొండ సీమవారు బ్రతుకుదెరువునకై బెంగళూరు వైపు చూచుచున్నారు. కాలగతి యట్టిది.

పట్టణము చూడబోవువారు మొట్టమొదట పాతపేటకు పోవలెను. పూర్వము దొడ్డపేట యనబడిన వీధికి ఇప్పుడు అవెన్యూ రోడ్డని పేరు. అది చిక్కపేటను కలియు చోటినుండి నడచినచో, పేర్లే చరిత్ర చెప్పును. బళెపేట గాజులవారిది; కుంబారపేట కుమ్మరులది; గాణిగరపేట గానుగలవారిది; అక్కిపేట బియ్యపు బేరమునకు; తరగుపేట ధాన్యమునకు; అరళెపేట ప్రత్తికి; నగరతపేట నగరత వర్తకులకు. ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క పేట నేర్పఱచిన తీరు ఇరుకు సందులలో నేటికిని కానవచ్చును. చైత్రపూర్ణిమనాటి రాత్రి తిగళరపేటలోని ధర్మరాయస్వామి గుడినుండి కరగ యుత్సవము వెడలును. పూలకరగము తలదాల్చిన పూజారి వీధులు తిరుగుచు తవక్కల్ మస్తాన్ దర్గాలో ఆగి, అటుపిమ్మట ముందునకు సాగును. ఇది తరతరములనుండి వచ్చుచున్న మర్యాద.

ఆ పేట చేతులు మాఱిన కథ దీర్ఘమైనది, సంగ్రహముగా చెప్పెదను. 1638 ప్రాంతమున బిజాపురమువారు దానిని గైకొని షాజీకి జాగీరుగా నిచ్చిరి. ఆయన ఛత్రపతి శివాజీ తండ్రి. 1687లో మొగలులు పట్టుకొనిరి. వారినుండి మైసూరు చిక్కదేవరాజ ఒడయరునకు ముట్టెను. పిమ్మట హైదరాలీ ఏలుబడిలో 1760 ప్రాంతమున లాల్‌బాగు తోట వెలసెను. 1791లో కారన్‌వాలిసు ఆంగ్లసైన్యముతో కోటను ముట్టడించి గెలిచెను. లాల్‌బాగులో పూలకంటెను నన్నాకర్షించినది అచటి రాతిగుండు. అది 300 కోట్ల యేండ్ల నాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. దానిపైని చిన్న గోపురము కెంపేగౌడ వంశీయులు నిలిపిన నాలుగు పొలిమేర గోపురములలో నొకటి. పట్టణము ఆ గోపురములను దాటి యెన్ని మడుగులు పెరిగినదో ఆ గుండెక్కి చూచినవారికి తెలియును.

1809లో ఆంగ్లేయులు తమ దండును శ్రీరంగపట్టణమునుండి బెంగళూరునకు మార్చిరి. పాతపేటకు తూర్పుగా, హలసూరు చెఱువు చెంత దండు వెలసెను. సేనలతోపాటు మద్రాసు రాజధానినుండి తమిళులు, తెలుగువారు పెక్కుమంది వచ్చి స్థిరపడిరి. ఇట్లు ఒకే యూరు రెండూళ్లయ్యెను. పాతపేటకును దండునకును నడుమనున్న కబ్బన్ తోట 1870 నాటిది. దాని చెంతనున్న ఎఱ్ఱని భవనము 1868 నాటి అఠారా కచేరి; అందిప్పుడు ఉన్నతన్యాయస్థానము కలదు. దాని కెదురుగా 1956లో విధానసౌధము పూర్తియయ్యెను. రెండూళ్ల పురపాలక సంఘములు 1949లో ఏకమయ్యెను. హలసూరు చెఱువు మాత్రము నేటికిని నిలిచియున్నది. సాయంకాలము దాని గట్టున కూర్చుండుట సుఖముగా నుండును.

1898లో ప్లేగు మహమ్మారి రైలుమార్గమున బెంగళూరు చొచ్చినది. పాతపేట యిరుకు సందులలో జనులు వేలకొలది మరణించిరి. అప్పుడే వెడల్పైన వీధులతో ఉత్తరమున మల్లేశ్వరము, దక్షిణమున బసవనగుడి యను రెండు పేటలు వర్ధిల్లినవి. నా దృష్టిలో చూడబోవువారికి ఇవియే మేలైన పేటలు. మల్లేశ్వరమునకు కాడుమల్లేశ్వరుని గుడివలన ఆ పేరు వచ్చినది. బసవనగుడిలో ఏకశిలానిర్మితమైన నంది సుమారు 15 అడుగుల యెత్తున కొలువైయున్నది. పూర్వమొక బసవడు రైతుల వేరుశెనగచేలలో పడి మేయుచుండగా, తొలిపంట నీకే సమర్పింతుమని వారు మ్రొక్కుకొనిరట. ఆ మ్రొక్కుబడిగా కార్తికమాసపు కడపటి సోమవారమునాడు కడలెకాయి పరిషె జరుగును. మన వేరుశెనగ రైతులు చూడవలసిన జాతర యది. ఆ వీధులలో కాయలు కుప్పలుగా పోసి అమ్ముదురు.

ఇక నీటి సంగతి. 1896 నాటికి హెసరఘట్టనుండి గొట్టములద్వారా నీరు తెచ్చిరి. అది చాలకపోగా 1933లో తిప్పగొండనహళ్లి జలాశయమును, 1974నుండి కావేరిని ఆశ్రయించిరి. కావేరినీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, సుమారు 500 మీటర్ల యెత్తునకు యంత్రములతో తోడుచున్నారు. గొట్టములో నీరు వచ్చినపిమ్మట చెఱువు అక్కఱలేనిదిగా తోచినది. మన బస్సులలో పెక్కు నిలుచు మెజిస్టిక్ ప్రాంతపు బస్సుస్థానము ధర్మాంబుధి గర్భమే. సంపంగి చెఱువు గర్భమున కంఠీరవ క్రీడాస్థలము వెలసెను. మురికినీరు చేరిన బెళ్లందూరు చెఱువులో 2015లోను, 2017లోను నిప్పంటుకొన్నది. 2022లో వానలకు, కోట్లు వెచ్చించి కట్టుకొన్న యిండ్లలోనికి వఱద చొచ్చి, జనులను పడవలమీద దాటింపవలసివచ్చెను. 2024 వేసవిలో బోర్లెండిపోయి, అదే పట్టణమువారు నీటిబండ్లకై పడిగాపులు పడిరి. వాన వచ్చిన ముంపును, రాకున్న దప్పియు నేల కలిగినవనగా, నీరు నిలువవలసిన చోటులను, పాఱవలసిన కాలువలను మనుష్యులు ఆక్రమించిరి గనుక.

పెద్దలారా, ఆ పట్టణమును నిందించుటకై నేనీ మాటలు చెప్పలేదు. మన బిడ్డలకు అన్నము పెట్టుచున్న యూరది. సంవత్సరమునకు రమారమి 900 మిల్లీమీటర్ల వాన కురియు ఆ పట్టణమే చెఱువులు చెఱచుకొని యిక్కట్టుల పాలైనది. సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కురియు మన సీమవారు ఎంత జాగరూకులై యుండవలెను! కృష్ణానీరు హంద్రీనీవా కాలువగుండ గొల్లపల్లి జలాశయమునకు వచ్చుచున్నది, సంతోషమే. కాని ఆ నీరు మన యూరికి వచ్చిననాడు నిలుచుటకు చెఱువు కావలెను గదా! బెంగళూరు చూడబోవువారు బస్సు దిగినంతనే, తాము నిలిచినది చెఱువు గర్భమని తలచుకొనుడు. తిరిగివచ్చిన పిమ్మట మీ యూరి కట్టపై నొకసారి నడచి, తూము సరిగా నున్నదో లేదో, మరవ పూడినదో లేదో, వాగునుండి నీరు వచ్చు కాలువలో ఎవరు గట్టు వేసిరో కన్నులార చూచుడు. కెంపేగౌడకు ముందే ఆ విద్య మన పూర్వులకు తెలియును. దానిని మన మనుమలకు అప్పగించుట మన వంతు.