పెట్టెలలోని జేబుగడియారములు

మడివాళలోను, దాని చుట్టుపట్ల పేటలలోను తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు పాత పెట్టె యేదైన తెరచి చూచినచో, దస్తావేజుల క్రిందనో, పట్టుబట్టల మడతలలోనో, గొలుసుతో గూడిన జేబుగడియారమొకటి కనబడవచ్చును. నడవని వస్తువని దానిని వెండి తూకమునకు అమ్మివేయువారు కలరు. అట్లు చేయుటకు ముందు దాని వృత్తాంతము కొంత తెలిసికొనుట మంచిది.

1864లో మద్రాసు రైలుమార్గము బెంగుళూరు కంటోన్మెంటునకు వచ్చెను. రైలుతోబాటు మద్రాసు కాలమును వచ్చినది. మద్రాసు నక్షత్రశాలను అనుసరించిన ఆ కాలము బెంగుళూరు సూర్యునికన్న సుమారు 11 నిమిషములు ముందుండును. నీడను చూచి ప్రొద్దు నెరుగువారు బండి తప్పిన నేమి వింత! గార్డులు, స్టేషను మాస్టర్లు గడియారము ధరించుట అలంకారమునకు గాదు; ఒకే పట్టాలపై ఎదురెదురుగా వచ్చు బండ్లకు నిమిషముల తేడా ప్రాణాంతకము. అమెరికాలోని కిప్టన్ వద్ద 1891లో జరిగిన ఘోర ప్రమాదమునకు, ఇంజను నడుపువాని గడియారము నాలుగు నిమిషములు ఆగి మరల నడచుటయే కారణమని చెప్పుదురు. ఆ పిమ్మట అచ్చట రైలు గడియారములకు కఠిన నియమములు ఏర్పడినవి.

మన దేశమున 1906 జనవరి 1న ప్రామాణిక కాలము అమలునకు రాగా, మద్రాసు కాలపు ముండ్లను సుమారు తొమ్మిది నిమిషములు ముందునకు త్రిప్పవలసివచ్చెను. ఈ క్రొత్త కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ సమీపముననే పోవుచుండుట మనవారికి సంతోషము గూర్చు సంగతి.

వేరుగా తాళపుచెవి పెట్టి త్రిప్పు గడియారము సాధారణముగా పాతది. తలపై నున్న బొడిపెతోనే చాబీ యిచ్చు ఏర్పాటును ఆడ్రియన్ ఫిలిప్ అను ఫ్రెంచివాడు 1840 ప్రాంతములలో కనిపెట్టెను. "17 రాళ్ల గడియారము" అని పెద్దలు గొప్పగా చెప్పుకొనునది ఇరుసుల అరుగుదల తగ్గించుటకై అమర్చిన కెంపులను గూర్చి. గాంధీమహాత్ముడు నడుమున వ్రేలాడగట్టుకొన్న జెనిత్ గడియారము ఆయన కళ్లజోడు, చెప్పులు మొదలగువానితో కలిసి 2009లో న్యూయార్కు వేలమున 18 లక్షల డాలర్లు పలికెను. అది వెండి తూకపు ధర కాదు గదా!

బాగుచేయుటలోని ఆనందము వేరు. ఏండ్లు గడచిన నూనె ఎండి బంకయగును. ఆ స్థితిలో చాబీ యిచ్చి నడిపించినచో ఇరుసులు అరిగిపోవును. కావున మొదట విప్పి, శుభ్రపరచి, సూదిమొనంత నూనె వేయవలెను. చక్రము సెకనుకు ఐదుమారులు టిక్కుమన నారంభించిన క్షణమున, ముత్తాత జేబులోని సవ్వడియే మన చెవికి వినవచ్చును. ఈ విద్య తెలిసినవారు తగ్గిపోవుచున్నారు. 1961లో సిటిజన్ వారి సహకారముతో బెంగుళూరున చేతిగడియారములు చేయ మొదలిడిన హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో ప్రభుత్వము నిశ్చయించినది.

పింగాణి ముఖముపై సన్నని బీటలున్నను దానికి క్రొత్తరంగు వేయింపరాదని నా యభిప్రాయము. వెనుక మూత లోపలి వైపును ఎన్నడును మెరుగు పెట్టింపరాదు. గడియారమును బాగుచేసిన పనివారు అచ్చట సూదితో చిన్నచిన్న గురుతులు, ఒక్కొక్కప్పుడు తేదీయు గీసియుందురు. భూతద్దముతో చూచినచో అది ఎన్నిమారులు మరమ్మతైనదో కొంత తెలియును. మెరుగు పెట్టినచో ఆ గీతలన్నియు పోవును.