అటక ఎందుకు బూజు పట్టింది?

పోయిన నెల చింతలపూడిలో మా ఇంటి అటక దులిపాం. అటక అంటే ఇప్పుడు స్లాబు కింద చెక్క తలుపులేసిన సజ్జే కదా. తాతయ్య ట్రంకుపెట్టె తెరిస్తే పొలం దస్తావేజులకి నల్లటి బూజు. రెండు కాగితాలైతే అంటుకుపోయి అసలు విడిపోలేదు. మా నాన్నమ్మ చూసి, "పాత ఇంటి అటక మీద ఇన్నేళ్లున్నాయిరా, ఏమీ కాలేదు" అంది.

అదే ఊరు, అదే వాన, అదే పెట్టె. మరి మారిందేంటి?

ఇల్లు మారింది. పాతది పెంకుటిల్లు. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో ఫ్యాక్టరీ పెట్టి తయారుచేసిన రకం పెంకులు. మన వైపు వాటినే బెంగుళూరు పెంకులు అంటాం, ఎందుకో నన్నడక్కండి! అంతకుముందు కుమ్మరి చేసిన గూనపెంకో, తాటాకో. ఏదైనా కప్పులో సందులుండేవి. కింద కట్టెల పొయ్యి. వేడిగాలి, పొగ అటక చెక్కల మధ్యలోంచి లేచి, పెంకుల సందుల్లోంచి బయటికి పోయేవి, పోతూ పోతూ చెమ్మని కూడా పట్టుకుపోయేవి. అంటే పూటపూటా దానంతటదే రన్ అయ్యే డీహ్యుమిడిఫయర్ అన్నమాట.

తాళపత్రాలు దాచుకున్నవాళ్లకి ఇది బాగా తెలుసు. చాలా ఇళ్లల్లో తాటాకు పుస్తకాల కట్టలు వంటింట్లో పొగ తగిలేచోటే ఉండేవి. పొగకి పురుగు రాదు, ఆకు పొడిగా ఉంటుంది. అయినా మన వాతావరణంలో ఆకు శాశ్వతం కాదు, తరం తరం మళ్లీ రాసుకోవాల్సిందే. మనకి దగ్గర్లోని మచిలీపట్నం, రాజమండ్రిలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1820ల నుంచి ఇలాంటి ప్రతులు సేకరించి, పండితుల్ని జీతానికి పెట్టుకుని కాగితం మీదికి ఎక్కించాడు. ఆ సేకరణ ఇప్పుడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది.

అలాగని కట్టెల పొయ్యిని మెచ్చుకోను. ఆ పొగ ముందు మా నాన్నమ్మ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, తర్వాతే అటకెక్కింది. 1999లో దీపం పథకంతో ఊళ్లల్లో గ్యాస్ పెరిగింది, మంచిదే. కానీ పెంకులు పోయి స్లాబులూ వచ్చాయి. కింద వేడీ లేదు, పైన సందూ లేదు. శ్రావణంలో గోడ తడిస్తే ఆ చెమ్మని అట్టపెట్టెలు, ప్లైవుడ్ పీల్చుకుంటాయి. తేమ 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బూజుకి అదే పండగ. మాది మెట్ట, మాకే ఇలా ఉంటే కొల్లేరు పక్కనోళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

ఇంకోటి. పేపర్లో "ఫైలు అటకెక్కింది" అంటే ఇక దిగదని అర్థం. కానీ పాత అటక మీదే ఆవకాయ జాడీ, విత్తనాలు, గుండిగలు ఉండేవి. ఎవరో ఒకరు ఎక్కుతూ దిగుతూనే ఉండేవాళ్లు, చెమ్మ పడితే అప్పుడే తెలిసేది. మేం తలుపు తీసి మూడేళ్లయింది.

ముందు స్లాబు మీద పగులు పూడ్పించాం. తలుపులకి పైనా కిందా రంధ్రాలు పెట్టించి, పెట్టెని గోడకి రెండంగుళాలు ఎడంగా చెక్కల మీద పెట్టాం. కాగితాల్ని నీడలో ఆరబెట్టి, మాస్కు కట్టుకుని బయట మెత్తటి బ్రష్‌తో దులిపాం. వేపాకు, కలరా ఉండలు పురుగుకే, చెమ్మకి పనిచేయవు.

ఆ అంటుకుపోయిన రెండిట్లో ఒకటి సర్వే నంబరున్న పేజీ. సోమవారం రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి నకలుకి అప్లై చేయాలి.