కేన్సరు కణమునకు చక్కెర ఉచ్చు

సాధారణ కణము ప్రాణవాయువుతో గ్లూకోజును పూర్తిగా దహించుకొనును. కేన్సరు కణము ప్రాణవాయువు ఉన్నను గ్లూకోజును పులియబెట్టునని 1920 దశకములో జర్మను శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బుర్గ్ గమనించెను. కనుక దానికి గ్లూకోజు ఆకలి మెండు. ఈ ఆకలినే ఉచ్చుగా పన్నవచ్చునా?

2-డీఆక్సీ-గ్లూకోజు గ్లూకోజువంటిదే; రెండవ కర్బన పరమాణువుపై ఒక ఆక్సిజను లోపించినది. కణము దానిని లోనికి తీసికొనును గాని వాడుకొనలేదు. శక్తి చాలక, రేడియేషను చేసిన గాయమును మాన్పుకొనలేదు. ఈ ఊహను మెదడు కంతులుగల 20 మంది రోగులపై పరీక్షించి, మందును వారు తట్టుకొనిరని 1996లో ప్రకటించిరి. అయితే ఆరోగ్యవంతమైన మెదడునకును గ్లూకోజే ఆహారము, చిక్కంతయు అక్కడనే.

2020లో హైదరాబాదు సి.సి.ఎం.బి. తోడ్పాటుతో ఈ మందునే కరోనా వైరసుపై పరీక్షించిరి. 2021 మే నెలలో అత్యవసర వినియోగమునకు అనుమతి లభింపగా, నగరములోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ దానిని విడుదల చేసెను. మెదడు కంతి ప్రశ్నకు మాత్రము జవాబు ఇంకను రావలసియున్నది.