పాత గేమ్ డిస్కు అమ్మితే ఎవరికెంత?

మా రూంలో పోరగాళ్లు తలా కొన్ని రియాళ్లు వేసుకుని పాత ప్లేస్టేషన్ కొన్నారు. డిస్కులూ పాతవే. నెల రోజులు ఆడతారు, అదే దుకాణంలో ఇచ్చేసి, పైన కొంచెం కట్టి ఇంకోటి తెచ్చుకుంటారు. "గేమ్ తయారుచేసినోళ్లకు ఇందుల పైసా పోదు గదన్నా?" అని ఒకడు అడిగాడు. ఈ ఎపిసోడ్ అక్కడి నుంచే పుట్టింది.

పైసా పోదు. ఆ లెక్క గేములు పుట్టకముందే, 1908లోనే తేలింది. అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ తన నవలను డాలర్‌కు తక్కువకు అమ్మకూడదని పుస్తకంలోనే అచ్చు వేసింది. మేసీస్ దుకాణం 89 సెంట్లకు అమ్మింది. సుప్రీంకోర్టులో దుకాణమే గెలిచింది. ఒకసారి అమ్మేసిన కాపీని తర్వాత ఎవరు ఎంతకు అమ్ముకున్నా నీకు సంబంధం లేదని తీర్పు సారం. జపాన్‌లో గేమ్ కంపెనీలు, గేమ్ కూడా సినిమాలాంటిదే, పంపిణీ హక్కు మాదే అని కోర్టుకెక్కాయి. సినిమాలాంటిదే, కానీ మొదటి అమ్మకంతోనే ఆ హక్కు తీరిపోయిందని 2002 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు మంట రేపింది గేమ్‌స్టాప్. అప్పట్లో అమెరికాలో కొత్త గేమ్ 60 డాలర్లు. ఆడేసిన డిస్కును దుకాణం చవగ్గా తీసుకుని, కొత్త దాని పక్కనే ఐదు డాలర్లు తగ్గించి పెట్టేది. 2010 నాటికి దానికి పాత సరుకు మీదే ఏడాదికి 200 కోట్ల డాలర్ల పైగా అమ్మకాలు. అందులో దాదాపు సగం లాభమే.

కంపెనీల ఏడుపు ఉత్తది కాదు. హెవీ రెయిన్ అనే గేమ్ చేసిన ఫ్రెంచి కంపెనీ పెద్ద 2011లో లెక్క చెప్పాడు: అమ్ముడుపోయినవి సుమారు 20 లక్షలు, ఆడినవాళ్లు 30 లక్షల పైన. 50 లక్షల నుంచి కోటి యూరోల దాకా పోయాయన్నాడు. అది కథ గేమ్. ఒకసారి అయిపోతే ఇంట్లో పెట్టుకునే పనిలేదు. పాత పికప్ అమ్మితే టొయోటాకూ ఏమీ రాదు కదా అంటారు మనవాళ్లు. నిజమే, కానీ పికప్ అరిగిపోతుంది. నాలుగో చేతికి వెళ్లిన డిస్కులో గేమ్ మాత్రం మొదటివాడు చూసినదే.

గేమ్‌స్టాప్ జవాబు వేరు. పాతవి ఇచ్చినవాళ్లకు మేమిచ్చే విలువలో 70 శాతం కొత్త సరుకు మీదే ఖర్చవుతుంది అంది. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. కాకపోతే పోయిన జేబు ఒకటి, నిండిన జేబు ఇంకొకటి. ఆ కొత్త డబ్బు ఎక్కువగా ఏటా వచ్చే ఫుట్‌బాల్ గేములలాంటి వాటికే పోయి ఉంటుందని నా అనుమానం.

2010లో ఈఏ కంపెనీ డబ్బాలో ఒక కోడ్ పెట్టింది. పాత డిస్కు కొన్నవాడు ఆన్‌లైన్‌లో ఆడాలంటే 10 డాలర్లు కట్టాలి. జనం తిట్టారు, 2013లో ఎత్తేసింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌కు కొత్త రూలు పెట్టింది: డిస్కును ఖాతాకు ముడివేస్తాం, 24 గంటలకోసారి నెట్ తగలాలి. పాతది అమ్మాలంటే ప్రచురణ కంపెనీ ఒప్పుకోవాలి. జూన్ 10న సోనీ, మా దాంట్లో అలాంటివేమీ లేవని స్టేజీ మీద చెబితే హాలు మోగిపోయింది. 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది.

కోర్టులో, బజార్లో ఓడిన కంపెనీలు చివరికి డౌన్‌లోడ్‌తో గెలిచాయి. ఫైనల్ ఎగ్జిట్ పడ్డవాడు ఫ్రిజ్ అమ్ముతాడు, మంచం అమ్ముతాడు, ఫోన్ కూడా అమ్ముతాడు. ఖాతాలో ఉన్న గేముల్ని అమ్మలేడు. 2020లో సోనీ డిస్కు పెట్టే చోటే లేని ప్లేస్టేషన్ 5 కూడా తెచ్చింది. 2024లో యూబీసాఫ్ట్ ద క్రూ గేమ్ సర్వర్లు ఆపేస్తే, డబ్బు పెట్టి కొన్నవాళ్లకు కూడా ఆట లేదు. కాలిఫోర్నియాలో 2025 నుంచి, ఇస్తున్నది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదని చట్టం వచ్చింది.

జపాన్ అమ్మకాల లెక్కలు తీసుకుని ఇషిహారా, చింగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి తేల్చారు. పాత గేముల బజారును మూసేసి కొత్తవాటి ధర అలాగే ఉంచితే కంపెనీ లాభం తగ్గుతుంది, ధర తగ్గిస్తేనే పెరుగుతుంది. ఇప్పుడు పెద్ద గేముల ధర డిస్కుకు 70 డాలర్లు. డౌన్‌లోడ్‌కూ 70 డాలర్లే.