హైదరాబాదు జమేదారుల సంతతి - హద్రమౌత్ దొరతనం

పూర్వం నిజామాబాదు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాగా ఏర్పడిన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అనే మాట తెలియనివారు అరుదు. 1970ల నుండి ఇక్కడి హిందువులూ, ముస్లిములూ గల్ఫు దేశాలకు పనికి పోతున్నారు. అక్కడ పుట్టినంతమాత్రాన వారి పిల్లలకు పౌరసత్వం రాదు. తండ్రి కొలువు ముగిస్తే, సెలవులలో మాత్రమే చూసిన ఊరికి వచ్చి వారు బ్రతుకుతెరువు వెతుక్కోవాలి. తాతల ఊరు తమను తనవారిగా ఎంచుతుందా అన్నది వారి ప్రశ్న.

దక్కనుకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఒకప్పుడు ఇది సరిగ్గా ఎదురుదిక్కున, అంటే హైదరాబాదు నుండి అరేబియాకు మరలినవారి విషయంలో తలెత్తింది.

ఇప్పటి యెమెన్ దేశానికి తూర్పున ఉన్న హద్రమౌత్ ఎండిన నేల. అక్కడి యువకులు జావా, తూర్పు ఆఫ్రికా, దక్కను దేశాలకు వలసపోయేవారు. జావాలో వర్తకం వారికి అబ్బింది. హైదరాబాదులో వారికి దొరికింది సిపాయి కొలువు. నేటి బార్కస్ పేట పేరు ఆ సైనిక నివాసాల నుండి వచ్చినదే. అరేబియా నుండి నేరుగా వచ్చినవానిని 'విలాయతీ' అనీ, ఇక్కడ పుట్టిన బిడ్డను 'మువల్లద్' అనీ పిలిచేవారు. ఈ రెండు మాటల మధ్య కొంత చిన్నచూపు కూడా ఉండేదని పాఠకులు గ్రహించగలరు.

ఈ సిపాయిల నాయకులలో ప్రముఖుడు జమేదారు ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ. నిజాము కొలువులో ఆయన గొప్ప ధనం కూడబెట్టాడు. 1863లో వ్రాసిన వసీయతులో తన ఆస్తిలో మూడోవంతును హద్రమౌత్ వ్యవహారాలకు కేటాయించి, 1865లో మరణించాడు. షరీఅతు వసీయతుకు అనుమతించే గరిష్ఠ పరిమితి మూడోవంతే కదా! స్వదేశంలో బావులు త్రవ్వించి తృప్తిపడే ధనికులే ఎక్కువగా ఉన్న కాలంలో, ఈయన ఒక రాజ్యానికే పెట్టుబడి పెట్టాడు.

కుమారులు ఆ పెట్టుబడిని వృథా పోనివ్వలేదు. ఆయన జీవితకాలంలోనే 1858లో షిబామ్ పట్టణం పూర్తిగా వారి చేతికి చిక్కింది. 1867లో షిహ్ర్ రేవును గెలుచుకున్నారు. వింత ఏమంటే, అక్కడ వారు ఓడించిన కథీరీ నాయకుడు గాలిబ్ బిన్ ముహ్సిన్ కూడా హైదరాబాదు జమేదారే. అరేబియా తీరాన జరిగిన యుద్ధానికి ఇరుపక్షాల ఖర్చూ నిజాము జీతాల నుండే పోయిందన్నమాట. సాలార్‌జంగు ప్రభుత్వం తన అరబ్బులను అదుపులో పెట్టాలని ఆంగ్లేయులు ఒత్తిడి చేయడానికి ఇదే కారణం. 1881లో ముకల్లా కూడా ఖుఐతీల వశమైంది. అప్పులో కూరుకుపోయిన అక్కడి నఖీబు తన అనుచరులతో జాంజిబారుకు తరలిపోయాడు. ధనంతో తిరిగివచ్చినవాడు ఇంట ఉన్నవానిని వలసపంపడం మనం మెచ్చుకోదగినది కాదు. ఇక 1888లో ఖుఐతీలు ఆంగ్లేయుల రక్షణ ఒడంబడికలో చేరారు.

అయినా వారి ఒక కాలు హైదరాబాదులోనే ఉండేది. అన్న అవద్ హైదరాబాదు నుండి వ్యవహారం నడిపితే, తమ్ముడు అబ్దుల్లా షిహ్ర్‌లో పరిపాలించాడు. అబ్దుల్లా 1888లో మరణించగా, ఆయన కుమారులకూ పెదతండ్రికీ తగవు వచ్చింది. చివరకు 1902లో ఆ కుమారులు రేవును విడిచి హైదరాబాదుకే వచ్చారు. రాజ్యం పోయినవానికి కూడా ఆశ్రయం ఇక్కడే!

ఈ వంశంలో ఎక్కువగా చెప్పుకోదగినవాడు సుల్తాన్ సాలిహ్ బిన్ గాలిబ్. హైదరాబాదులో పెరిగి, సైఫ్ నవాజ్ జంగ్ బిరుదు పొందినవాడు. 1936లో, పండిన వయసులో, ముకల్లా సింహాసనం ఎక్కాడు. షరీఅతు ఆదేశాల మూలాధారాలపై అరబ్బీలో గ్రంథం వ్రాసిన పండితుడు. 1937లో ఆంగ్లేయ సలహాదారుకు అంగీకరించడం ఆయనను విమర్శలకు గురిచేసింది. అయితే పాఠశాలల విస్తరణ కూడా ఆయన కాలంలోనే జరిగింది. విద్యాశాఖను నడపడానికి సూడాను నుండి అల్ ఖద్దాల్ అనే అనుభవజ్ఞుని రప్పించారు. బయట చూసివచ్చినవానికి లోపల ఏమి కొరవడిందో తెలుస్తుందనడానికి సాలిహ్ పాలన నిదర్శనం.

పైకం పంపేవారిమీద ఆధారపడిన దేశానికి ప్రమాదం ఏమిటో కూడా ఆ కాలమే చూపింది. రెండో ప్రపంచయుద్ధంలో జావా జపానుకు చిక్కగా, అక్కడినుండి డబ్బు ఆగిపోయింది, వానలూ లేవు. 1940లలో హద్రమౌత్ ఘోరమైన కరువుల పాలైంది. పిదప 1948లో హైదరాబాదు రాజ్యం ముగియడంతో ఇక్కడి జీతాలూ ఆగాయి. పోలీసు చర్య అనంతరం అనేకమంది అరబ్బులను నిర్బంధించి ఓడలలో అదనుకు పంపివేశారు. వారిలో అరేబియాను ఎన్నడూ చూడని మువల్లదులు కూడా ఉన్నారు. సుల్తానుల పిల్లలు దొరతనానికి మరలిన నేలకే వీరు గత్యంతరం లేక చేరారు.

నిజాము లొంగిపోయింది 1948 సెప్టెంబరు 17న. ముకల్లాలో ఖుఐతీల పాలన కూలింది 1967 సెప్టెంబరు 17న. చివరి సుల్తాన్ గాలిబ్ అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండని యువకుడు. రాజ్యభ్రష్టుడై సౌదీ అరేబియా చేరి, ఆ తర్వాత చరిత్ర రచనలో పేరు తెచ్చుకున్నాడు. 1970లలో చమురు దేశాల తలుపులు తెరచుకున్నప్పుడు బార్కస్ యువకులూ బయలుదేరారు. అరబ్బీ ఇంటిపేరు, తాతల వంశావళి చేతిలో ఉన్నా, కామారెడ్డి తాపీ మేస్త్రీతో పాటే వారూ భారతీయ పాస్‌పోర్టుమీద వీసా ముద్ర వేయించుకొని విమానం ఎక్కారు.