ముందు గడింపా, ముందు దానమా?



ఇటీవల నా మేనల్లుడొకడు నాకొక జాబు వ్రాసినాడు. “మామయ్యా, ముందు నాలుగు రాళ్లు వెనుకవేసికొని, ఆపిమ్మట లోకమునకేదైన చేయదలచితిని. తానే నిలువలేనివాడు పరులనేమి నిలుపగలడు? మీరేమందురు?” అని అడిగినాడు. వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిని. ఈ మాట ఒకప్పుడు నేనును అన్నవాడనే. ఆ సంగతి పిదప మనవి చేసెదను. ముందుగా, ఈ మాటనే కాగితముపై పెట్టిన యొక మహాధనికుని చరిత్ర వినుడు.

ఆండ్రూ కార్నెగీ స్కాట్లండులో ఒక సాలెవాని బిడ్డ. 1848లో తలిదండ్రులతో అమెరికా చేరి, నూలుమిల్లులో వారమునకు ఒక డాలరు ఇరువది సెంట్ల కూలికి కుదిరెను. ఇరువదియేండ్లు గడచినవి. 1868 డిసెంబరులో న్యూయార్కు నగరమున ఒక హోటలులో కూర్చుండి, తన ఆస్తి లెక్క చూచుకొని, తనకు తానే యొక చీటి వ్రాసికొనెను. అప్పటికి వయస్సు ముప్పదిమూడు. ఏటికి 50,000 డాలర్ల రాబడి చాలుననియు, ముప్పదియైదవయేట వ్యాపారము విడిచెదననియు, మిగులు సొమ్ము సత్కార్యములకే వెచ్చించెదననియు దాని సారాంశము. ధనార్జనలోనే మునిగియున్నచో తాను బాగుపడజాలనని భయపడినవాడు కూడ.

ముప్పదియైదవయేడు వచ్చెను, పోయెను. ఆయన ఉక్కు కర్మాగారములను అమ్మివేసినది 1901లో. రెండేండ్ల గడువు ముప్పదిమూడేండ్లకు పెరిగినది!

తరువాత ఆయన చేసిన దానము సామాన్యము కాదు. 1919లో మరణించునాటికి దాదాపు 35 కోట్ల డాలర్లు పంచిపెట్టెను. 2,500కు పైగా గ్రంథాలయములు కట్టించెను. దీనిని కించపరచుట నాకిష్టము లేదు. కాని నడుమనున్న యేండ్లమాట యేమి? 1892లో హోమ్‌స్టెడ్ కర్మాగారమున కూలి తగ్గింపుపై తగవు పుట్టెను. యజమాని స్కాట్లండులో నుండెను. ఇక్కడి యధికారి పింకర్టన్ సంస్థవారి సాయుధ భటులను రప్పించెను. జూలై 6న కాల్పులు జరిగి ఇరుపక్షములవారును మరణించిరి. కార్మిక సంఘము విరిగిపోయెను. అంతకు మూడేండ్లకు ముందే, 1889లో, ఆయన యొక వ్యాసము ప్రకటించియుండెను. కొద్దికొద్దిగా పదిమందికి పంచిన సొమ్ము తిండితీర్థములకే కరగిపోవుననియు, ఒక్కచోట కూడబెట్టి జ్ఞానవంతుడు వెచ్చించుట మేలనియు అందలి వాదము. పన్నెండుగంటలు కొలిమియొద్ద నిలిచినవాడు ఏ ఝామున గ్రంథాలయమునకు పోవలెనో ఆ వ్యాసమున కానరాదు.

ఇక మనవారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని చూడుడు. కృష్ణామండలమున 1867లో జన్మించిన ఆయనయు ముందు వ్యాపారియే. 1893లో బొంబాయిలో అమృతాంజనము ఆరంభించి, సంగీత కచ్చేరీలలో ఉచితముగా పంచి దానికి ప్రచారము కల్పించిన యుక్తిపరుడు. 1907లో సూరతు కాంగ్రెసునకు పోయివచ్చిన పిమ్మట, తెలుగువారికొక పత్రిక యుండవలెనని తలచి, మరుసటియేడే బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించెను. కోటీశ్వరుడగుదాక ఆగలేదు, వ్యాపారమును విడువనూలేదు. 1914లో చెన్నపట్టణమునుండి దినపత్రిక, 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వెలువడినవి. తలనొప్పి మందు తెచ్చిన రాబడి తెలుగు అక్షరమునకు ఏటేట పారుచుండెను. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకును పోయెను. 1938లో ఆయన గతించిన పిమ్మట అర్ధశతాబ్దికి పైగా ఆ పత్రిక నడచినది. కనుక, ముందు గడించుట తప్పని నేననజాలను. గడింపులేనిచో ఆ కాగితమునకు, సిరాకు సొమ్మెక్కడిది?

ఇక నా మాట. కొలువులో చేరిన క్రొత్తలో, మా యూర నొక పఠనమందిరము పెట్టించెదనని వృద్ధుడగు మా బడిపంతులుగారికి మాటయిచ్చితిని. ఆయన తన యింటి వసారా ఇచ్చెదననెను. అలమర యొకటి, పత్రికల చందా, అంతే ఖర్చు. “ఇల్లు కట్టుకొననిండు” అంటిని. ఇల్లయినది. “పిల్ల పెండ్లి కానిండు” అంటిని. అదియు నయినది. నేను సొమ్ముతో పోవునప్పటికి పంతులుగారు లేరు, వసారా కూలినది, ఆయన కూర్చిన పుస్తకములలో చెదలు తినగా మిగిలినవి రెండు గంపలు. మందిరము కట్టించితిని. దానికి తాళమువేసి తీయువాడు కలడు గాని, పిల్లలను పిలిచి కూర్చుండబెట్టి చదివించువాడు లేడు. అట్టివాడు జీతమునకు దొరకలేదు.

మొన్న మేనల్లునికి జాబు వ్రాసితిని. హితబోధ యేమియు చేయలేదు. “నీవు చాలునని తలచిన మొత్తమెంత? ఏ సంవత్సరమునకు? ఈనెల జీతములో మిగిలినదెంత?” అని మూడే ప్రశ్న లడిగితిని. బదులింకను రాలేదు.